ఆక్టేవియా వీఆర్‌ఎస్ 245 అమ్మకం, దాని తర్వాత ఏ కారు?

ప్రశ్న (విజయనగరం)
2020 స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 245. ఏపీ 39 నంబరు, 46 వేల కిలోమీటర్లు, మొదటి ఓనర్‌నే. లోన్ తీరిపోయింది గాని ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) చేసి ఉంది, ఇన్‌టేక్ (గాలి లోపలికెళ్లే గొట్టం), డౌన్‌పైప్ (టర్బో తర్వాత వచ్చే పొగ గొట్టం) మార్చినవే. ఒరిజినల్ పార్టులు ఇంట్లోనే ఉన్నాయి. విశాఖలో ఒక పాత కార్ల డీలర్, ఒడిశా బరంపురంలో ఒకాయన అడుగుతున్నారు. ఎవరికిస్తే మంచిది? కాగితాలు ఏటేటి చూసుకోవాలి? దీని బదులు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 కొని రీమ్యాప్ చేయిస్తే సరిపోద్దా?

జవాబు (శ్రీకాకుళం)
అన్నా, ముందు ఆర్సీలో బ్యాంకు పేరు తీయించండి. అది తేలకుండా బేరం మాట్లాడకండి. బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), బ్యాంకు సంతకం పెట్టిన ఫారం 35 కావాలి. లోన్ తీరినప్పుడు ఇచ్చిన ఎన్‌వోసీ పాతబడిపోతే మళ్లీ కొత్తది అడగాల్సి రావచ్చు. ఈ పని అయితేగాని ఒడిశాకు ఆర్టీవో ఎన్‌వోసీ రాదు, ఇక్కడ పేరు మార్పూ జరగదు.

బరంపురం ఆయనకిస్తే ఫారం 28 మీద ఆర్టీవో ఎన్‌వోసీ తీయాలి. అందులో గంజాం ఆర్టీవో, అంటే ఓడీ 07 అని సరిగ్గా పడాలి. చలాన్లు ఒక్కటి మిగిలినా ఆగిపోద్ది. అక్కడ పన్ను కొత్తగా కట్టాలి కాబట్టి అది కొనేవాడి నెత్తినే అని మొదటి రోజే తేల్చేయండి. లేకపోతే బండి దగ్గరికొచ్చాక ఆ పేరు చెప్పి ధర కొడతారు.

డీలర్‌కిస్తే ఫారం 29బి, అంటే ఆర్టీవో ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. ఉంటే ఆన్‌లైన్‌లో ఫారం 29సి, అంటే బండి డీలర్‌కి అప్పగించినట్టు సమాచారం పెడతారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. అది పడ్డాక బండి బాధ్యత డీలర్‌దే. అది లేకుండా ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు పెట్టించుకుని "పార్టీ దొరికాక మారుస్తాం" అంటే ఇవ్వొద్దు. మధ్యలో యాక్సిడెంట్ అయితే రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో చెప్పేసింది. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపడం అమ్మినవాడి పని. డెలివరీ రసీదులో తేదీతోపాటు గంట, నిమిషం కూడా రాయించుకోండి. ఆ సాయంత్రం హైవే మీద స్పీడ్ చలాన్ పడినా ఎవరిదో తెలుస్తుంది.

డబ్బు ఆర్‌టీజీఎస్‌లోనే. నగదు 2 లక్షలు గాని అంతకుమించి గాని తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు, అదీ తీసుకున్నవాడికే. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ బండితో వెళ్లదు, మీదే. సర్టిఫికెట్ తీసుకుంటే 3 ఏళ్లలోపు కొత్త కారుకి వాడుకోవచ్చు, 50 శాతం దాకా. ఫాస్టాగ్ మూసేయడం మర్చిపోకండి.

జవాబు (రాజాం, వర్క్‌షాప్)
కొనడానికి వచ్చినవాడు స్కానర్ (కారు కంప్యూటర్ చదివే పరికరం) తెస్తాడు, తేకపోతే మంచి గిరాకీ కాదు. అందుకే చూపించే ముందే ఒరిజినల్ డౌన్‌పైప్ బిగించేయండి. పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఒరిజినల్ డౌన్‌పైప్‌లోనే ఉంటుంది, అది లేని బండికి పొల్యూషన్ సర్టిఫికెట్‌తోనే ఇబ్బంది. తీసిన పార్టులు విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది, బండిలో కలిపి ఇస్తే వాటికి ఎవరూ విలువ కట్టరు. రీమ్యాప్ తీయించండి, కానీ రీమ్యాప్ ఉండగా కంపెనీ సర్వీస్‌లో కంప్యూటర్ పెట్టి ఉంటే టీడీ1 గుర్తు (ఇంజిన్ ప్రోగ్రాం మార్చారని కంపెనీ రికార్డులో పడే ముద్ర) పడి ఉండొచ్చు, స్టాక్‌కి, అంటే కంపెనీ ప్రోగ్రాంకి మార్చినా అది పోదు. ఆ సంగతి కొనేవాడికి ముందే చెప్పేయండి.

ఈ 2.0 టీఎస్‌ఐ ఇంజిన్‌లో చూడాల్సింది వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్. ప్లాస్టిక్‌ది, వేడికి వంగి సీలు దగ్గర చెమర్చుద్ది. చుట్టూ గులాబీ రంగు పొడి గడ్డకట్టి కనిపిస్తే కూలెంట్ కారుతోందన్నమాట. అమ్మే ముందు మీరే మార్పించుకుంటే ఆ వంకతో ధర తగ్గించే అవకాశం ఉండదు.

పెయింట్ మందం మీటర్ పెడతారు. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు, 200 దాటితే మళ్లీ కొట్టారని అర్థం. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి మామూలు మీటర్ అక్కడ పలకదు, దానికి గాభరా పడొద్దు. టైర్ల మీద చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. 3521 అంటే 2021లో 35వ వారం. రెండు తాళాలు, వీల్ లాక్ బోల్టుల అడాప్టర్ వెతికి పెట్టండి. అది లేకపోతే పంచర్ పడ్డరోజు చక్రం ఊడదు.

జవాబు (విజయనగరం)
ధర విషయంలో డీలర్‌ది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. దేశం మొత్తానికి ఈ కారు 200 వచ్చాయి, 35.99 లక్షల ఎక్స్‌షోరూం ధరకి. కావాలనుకున్నవాడు హైదరాబాద్ నుంచైనా వస్తాడు. తొందర లేకపోతే బరంపురం ఆయన్నే గట్టిగా పట్టుకోండి, అడ్వాన్స్ తీసుకున్నాకే ఎన్‌వోసీకి పెట్టండి.

వర్టస్ రీమ్యాప్ ఆలోచన మాత్రం మానుకోండి. 1.5 ఇంజిన్ 150 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎం టార్క్. దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీక్యూ200, డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగనిది), తయారీదారు పెట్టిన టార్క్ పరిమితే 250 ఎన్‌ఎం. అంటే కంపెనీయే అంచుదాకా తెచ్చి వదిలింది. మీ వీఆర్‌ఎస్‌లో 370 ఎన్‌ఎం, ఆయిల్‌లో మునిగే క్లచ్. రెండూ ఒకటి కావు. స్టాక్‌గా వాడేటట్లయితే వర్టస్ మంచి బండే, 179 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్‌తో మన ఊళ్లో స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగలదు.

అదే రుచి కావాలంటే 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ ఉంది, 265 పీఎస్, విడుదల ధర 53 లక్షలు. కొత్త ఆక్టేవియా ఆర్‌ఎస్ 2025లో 49.99 లక్షలకి 100 మాత్రమే తెచ్చారు, సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. బడ్జెట్ అంతవరకూ వెళ్తే పాత బీఎండబ్ల్యూ ఎం340ఐ చూడండి. చెన్నైలో బిగించిన బండి, ఆరు సిలిండర్లు, నాలుగు చక్రాలకీ డ్రైవ్. టైర్లు, బ్రేకులు మార్చినప్పుడు ఖర్చు వేరే లెవెల్‌లో ఉంటుంది, అది ముందే లెక్కేసుకోండి.

ప్రశ్న వేసినవారు
వర్టస్ మాట వదిలేశాను గురూగారూ. ఇంకోటి. బండి అమ్ముడయ్యేదాకా నెలల తరబడి షెడ్‌లో ఉంటే?

జవాబు (రాజాం, వర్క్‌షాప్)
వారానికోసారి కనీసం 20 కిలోమీటర్లు తోలండి, ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీకి నష్టమే. టైర్లలో గాలి కంపెనీ చెప్పినదానికన్నా 4, 5 పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి, తోలే ముందు తగ్గించుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదలొద్దు, ఈ ఉప్పు గాలికి ప్యాడ్లు డిస్కుకి పట్టేస్తాయి. చక్రానికి ముందూ వెనకా చెక్క పెట్టి, గేర్ పార్క్‌లో ఉంచండి.