చర్చ: పొద్దున లేచి ఆకాశం చూసి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి బయల్దేరిపోవచ్చా?

బాటసారి:
స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి, అంటే ఆల్ప్స్ మంచుకొండల మీదున్న రైల్వే స్టేషన్‌కి, టికెట్ నెలల ముందే కొనేస్తున్నారు. తీరా ఆ రోజు మబ్బు కమ్మితే పైన కనిపించేది తెల్లటి గోడే. వేసవిలో పూర్తి ధర 200 ఫ్రాంకులు దాటుతుంది. కాబట్టి ముందు కొనొద్దు, ఆ పొద్దున చూసుకుని కదలడమే తెలివి అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ఎత్తుపల్లం:
నేను కాదంటాను. కొండకింది ఊరు ఇంటర్‌లాకెన్ ఉన్నది 567 మీటర్ల ఎత్తులో, పై స్టేషన్ 3,454లో. గంటన్నరలో అంత ఎత్తుకు చేరతారు. పైన గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలున్నవాళ్లు డాక్టరును అడగాల్సింది ఊరు దాటకముందు, టికెట్ కిటికీ దగ్గర కాదు. ముందురోజు స్కూబా డైవింగ్ చేసినవాళ్లు అసలు ఎక్కకూడదు.

రైలుపట్టా:
ఎత్తుపల్లం గారూ, డాక్టరును ఇంటి దగ్గరే అడగండి, టికెట్ మాత్రం అక్కడే కొనండి. రెండింటికీ పొత్తేముంది? ఆరోగ్యవంతులకు రెండు మూడు గంటల్లో వచ్చేది మహా అయితే తలనొప్పి, ఆయాసం. అసలైన కొండజబ్బు (ఎత్తుకు చేరడం వల్ల వచ్చే అస్వస్థత) లక్షణాలు సాధారణంగా ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి, అప్పటికి కిందికి దిగిపోయి ఉంటారు. రైలు దిగగానే పరుగెత్తకపోతే చాలు.

కానీ బాటసారి గారూ, “ఆకాశం చూసి” అన్నారే, అక్కడే తప్పు. శరదృతువులో, చలికాలంలో లోయ నిండా పొగమంచు ఉండి పైన ఎండ కాస్తుంటుంది. వేసవిలో అందుకు తలకిందులు: పొద్దున స్వచ్ఛంగా ఉండి మధ్యాహ్నానికి శిఖరాల మీద మబ్బు పేరుకుంటుంది. హోటల్ కిటికీని నమ్మకండి, కొండపైనున్న లైవ్ కెమెరా నెట్‌లో చూడండి.

మూటాముల్లె:
హడావుడిగా బయల్దేరేవాళ్లు దారి తప్పేది ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లోనే. అక్కడ ఎక్కే రైలు త్స్వైల్యూచినెన్ స్టేషన్ దగ్గర రెండుగా విడిపోతుంది: ఒక సగం లాటర్‌బ్రునెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. రైలుపెట్టె మీది బోర్డు చదివి ఎక్కండి. గ్రిండెల్‌వాల్డ్ సగం ఎక్కాక దిగాల్సింది గ్రిండెల్‌వాల్డ్‌లో కాదు, దానికి ముందొచ్చే గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్‌లో. అక్కడ ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్‌కారు పావుగంటలో ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కి చేరుస్తుంది, ఆపైన సొరంగం రైలు.

బట్టల సంగతి: వంద మీటర్లకు 0.65 డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే, కింద 20 ఉన్నరోజు పైన ఒకటి దగ్గర. గాలి వీస్తే ఇంకా చలి. చేతితొడుగులు, జారని బూట్లు, నల్లద్దాలు తప్పనిసరి. మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే వస్తాయి. మంచు మీద గుర్తుపెట్టిన దారి దాటి ఫొటోల కోసం పక్కకు పోవద్దు, అది హిమానీనదం, కింద పగుళ్లుంటాయి.

ఎత్తుపల్లం:
జ్యూరిక్‌లో బస చేసినవాళ్ల మాటేమిటి? ఇంటర్‌లాకెన్‌కే రెండు గంటలు. ఎనిమిదింటికి కెమెరా చూసి కదిలితే చేరేది పన్నెండు ప్రాంతంలో, సరిగ్గా రైలుపట్టా గారు చెప్పిన మబ్బువేళకు. పైగా రద్దీ నెలల్లో సొరంగం రైలు సీట్లు అప్పటికి అయిపోయి ఉండొచ్చు.

బాటసారి:
జ్యూరిక్ విషయంలో ఒప్పుకుంటున్నాను. ఇంటర్‌లాకెన్‌లోనో గ్రిండెల్‌వాల్డ్‌లోనో రెండు రాత్రులుంటేనే నా పద్ధతి పనికొస్తుంది: ముందురోజు రాత్రి వాతావరణ సూచన, పొద్దున్నే కెమెరా, వెంటనే ఫోన్లో టికెట్, సీటు. స్విస్ ట్రావెల్ పాస్‌తో (పర్యాటకుల ప్రయాణ పాస్) గ్రిండెల్‌వాల్డ్ దాకా ఉచితమే, పైదానికి 25 శాతం తగ్గింపు. అంటే మనసు మార్చుకున్నా కొండకింది దాకా నష్టం లేదు.

రైలుపట్టా:
కెమెరాలో తెలుపు తప్ప ఏమీ కనిపించకపోతే లాటర్‌బ్రునెన్ సగంలో ఎక్కేయండి. చలికాలం కాకపోతే అక్కడి ట్రూమెల్‌బాఖ్ జలపాతాలు చూడొచ్చు, అవి కొండ లోపలే దూకుతాయి, సెకనుకు 20,000 లీటర్ల దాకా. వాటికి మబ్బుతో పనిలేదు. రెయిన్‌కోటు మాత్రం ఉంచుకోండి, తుంపర గట్టిగానే తగులుతుంది.