సమస్య: వేదవిద్యఁ గ్రక్కి వేత్త యయ్యె (ఆటవెలది)

నిర్వాహకుడు: ఈ వారం సమస్యగా నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి. చదివింది కక్కేస్తే పండితుడెలా అవుతాడన్నదే చిక్కు. గురువు తిరిగి ఇమ్మంటే నేర్చిన యజుర్వేదాన్ని కక్కేసి, సూర్యుణ్ణి కొలిచి శుక్లయజుర్వేదం పొందిన యాజ్ఞవల్క్యుడి కథ అందరికీ తడుతుంది కాబట్టి, దాన్నే ఎత్తుకునేవాళ్ళు కొంచెం కొత్తగా చెప్పండి.

గోదారిగట్టు:
గురువు కోపగించి కూర్చిన విద్యను
మరల నిమ్మటంచు మాటలాడ
సూర్యుఁ గొలిచి పొందె శుక్లయజుస్సును
వేదవిద్యఁ గ్రక్కి వేత్త యయ్యె

నిర్వాహకుడు: గణాలు, యతులు బాగున్నాయండీ. కానీ "కోపగించి కూర్చిన విద్య" అంటే కోపంతో నేర్పిన విద్య అని అన్వయం దారి తప్పుతోంది. పైగా పొందినవాడెవరో పద్యంలో లేడు. మొదటి రెండు పాదాలు ఇలా మార్చి చూడండి:
గురువు కినిసి తాను కూర్చిన విద్యను
మరల నిమ్మటన్న మౌనివరుఁడు

పాతపుస్తకం: సవరణ బాగుంది గానీ గురువుకి కోపం ఊరికే రాలేదు కదా. ఆ గురువు వైశంపాయనుడికి బ్రహ్మహత్యాదోషం వస్తే దానికి శిష్యులందరినీ వ్రతం చేయమన్నాడు, యాజ్ఞవల్క్యుడేమో "వీళ్ళవల్ల ఏమవుతుంది, నేనొక్కణ్ణే చేస్తాను" అని తోటివాళ్ళని తీసిపారేశాడు, విష్ణుపురాణంలో గొడవంతా అక్కడే మొదలు. బృహదారణ్యక ఉపనిషత్తులో జనకుడి సభ చూడండి, అందరిలోకీ గొప్ప బ్రహ్మజ్ఞానికి ఆవులిస్తానన్నాడు రాజు; ఇంకా వాదమే మొదలవలేదు, ఈయన కొమ్ములకు బంగారం కట్టిన వెయ్యి ఆవుల్నీ తోలుకుపొమ్మని శిష్యుడికి చెప్పేశాడు. ఆ పొగరు పద్యంలో ఎక్కడా కనపడలేదు.

గోదారిగట్టు: నాలుగు పాదాల్లో ఎన్నని ఇరికించమంటారు మాష్టారూ! సవరణ తీసుకున్నాను.

చివరిబెంచీ: నాది సరదాకి.
రాత్రులెల్లఁ జదివి రసహీన పాఠముల్
పత్రమందు నింపెఁ బండితుండు
పట్టభద్రుఁ డనుచుఁ బట్టాలు కట్టిరి
వేదవిద్యఁ గ్రక్కి వేత్త యయ్యె

నిర్వాహకుడు: మూడో పాదం భలే పేలింది. పాఠాలు అన్నాక వేదవిద్య ఎక్కడినుంచి ఊడిపడిందో మాత్రం తెలియలేదు.

తుంగభద్ర:
నేతి నేతి యనుచు నిఖిలంబు విడనాడి
యాజ్ఞవల్క్యమౌని యడవి కేగె
మూటఁ గట్టు చదువు మోక్షంబు నీదని
వేదవిద్యఁ గ్రక్కి వేత్త యయ్యె

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నాకు ఇదే నచ్చింది. "ఇది కాదు, ఇది కాదు" అనే నేతి నేతితో ఎత్తుకోవడం బాగుంది. ఒక్కటే, "మోక్షంబు నీదని" అంటే "మోక్షం నీదే" అని చదివేస్తారు, అర్థం తలకిందులైపోతుంది. "మోక్షమ్ము నీయదు" అంటే సరి.

పాతపుస్తకం: అడవికి వెళ్తూ భార్య మైత్రేయికి ఆయన చెప్పింది ధనం గురించమ్మా, ధనంతో అమృతత్వం రాదని. చదువు గురించి కాదు.

తుంగభద్ర: అదే బృహదారణ్యకంలో కహోళుడనే ఋషి అడిగినప్పుడు ఏం చెప్పాడండీ? పాండిత్యం పూర్తిచేసుకుని బాలుడిలా ఉండాలన్నాడు. నేను ఆ రెండు ఘట్టాల్నీ కలిపాను.

పాతపుస్తకం: ఒప్పుకున్నాను. అయినా అక్కడ వదలడమే ఉంది, కక్కడం లేదు.

చివరిబెంచీ: చిన్న అనుమానం. "గ్రక్కి" ముందున్న "ద్య" ఛందస్సులో గురువు అవదా, పక్కనే సంయుక్తాక్షరం ఉంది కదా?

నిర్వాహకుడు: అవదు. గ్రక్కి విడి తెలుగు పదం, సమాసం కాదు కాబట్టి "ద్య" లఘువే.

గోదారిగట్టు: ఇంతకీ ఆయన కక్కిన యజుస్సుని మిగతా శిష్యులు తిత్తిరి పక్షులై ఏరుకుంటేనే కదా కృష్ణయజుర్వేదంలో తైత్తిరీయ శాఖ అయింది. మన వైపు వేదపాఠశాలల్లో ఎక్కువగా చెప్పేది అదే. కక్కినవాడి మీద ఇన్ని పద్యాలు వచ్చాయి, ఏరుకున్నవాళ్ళ మీద ఒక్కటీ లేదు. సాయంత్రానికి నేనే ఒకటి పెడతాను.