హా జాంగ్ కొండల్లో గ్రూపు రైడ్: గైడు కావాలా, మనమే వెళ్దామా?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. నవంబరులో వియత్నాం ఉత్తరాన హా జాంగ్ కొండలకు బైకు టూరు వెళ్దామని మనలో తొమ్మిదిమంది అనుకున్న సంగతి తెలిసిందే. హనోయి నుంచి ఆరేడు గంటలు బస్సు. హా జాంగ్‌లో బళ్ళు తీసుకుని క్వాన్ బా, యెన్ మిన్, డోంగ్ వాన్, మియో వాక్, దు జా మీదుగా తిరిగి హా జాంగ్‌కి. మొత్తం 350 కిలోమీటర్ల దాకా వస్తుంది, నాలుగు రోజులు. టూరు వాళ్ళు మూడు దారులు చెప్పారు. బళ్ళు మాత్రం అద్దెకిచ్చి మ్యాపు చేతిలో పెట్టడం ఒకటి. లేదంటే బండి మనమే నడుపుతాం, ముందొక గైడు, వెనకొక గైడు వస్తారు. అదీ కాదంటే అక్కడి డ్రైవరు నడుపుతాడు, మనం వెనక కూర్చుంటాం. దీన్ని ఈజీ రైడర్ అంటున్నారు. ఈ నెల 20కి అడ్వాన్సు కట్టాలి. ఎవరికి ఏది కావాలో చెప్పండి.

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
ఇందులో అడగడానికేముంది? బళ్ళు అద్దెకు తీసుకుందాం, మనమే వెళ్దాం. ముప్పై నాలుగేళ్ళుగా బండి నడుపుతున్నాను. అరకు ఘాట్ కళ్ళు మూసుకుని చెప్పగలను, ఎక్కడ ఏ మలుపు ఉందో. లంబసింగిలో కళ్ళ ముందు చెయ్యి కనపడని మంచులో నడిపాను. గైడుకి పోసే డబ్బుతో ఇంకో రెండు రోజులు ఉండొచ్చు.

ఇంకో మాట. హా జాంగ్ నుంచి మియో వాక్ వెళ్ళే ఆ రోడ్డు గురించి చదివాను. 1959లో మొదలుపెట్టి 1965కి పూర్తి చేశారు. యంత్రాలు లేవు, సుత్తీ ఉలీ పట్టుకుని ఆ కొండ జాతుల కుర్రాళ్ళు వేశారు. మా పి లెంగ్ అనే కనుమ దగ్గర కొండ నిట్టనిలువుగా ఉంటే తాళ్ళకి వేలాడుతూ పదకొండు నెలలు రాయి తొలిచారు. కింద న్యో క్వే నది ఆకుపచ్చగా దారంలా కనిపిస్తుంది. అలాంటి రోడ్డు మీదకి అంత దూరం వెళ్ళి, ఎవడో కుర్రాడి నడుం పట్టుకుని వెనక సీట్లో కూర్చోవాలా? నా వల్ల కాదు.

ఎన్ఏడీ కుర్రాడు:
బాబాయ్ మాటే నా మాట.

సీతమ్మధార రైడర్:
అసలు మనం అక్కడ బండి నడపొచ్చా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక్కడ ఆన్‌లైన్‌లో అప్లై చేసి, వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకునే అంతర్జాతీయ పర్మిట్ అక్కడ చెల్లదు. ఆ పుస్తకం అట్ట చూడండి, 1949 ఒప్పందం అని ఉంటుంది. మన దేశం పర్మిట్ ఇచ్చేది ఆ జెనీవా ఒప్పందం ప్రకారమే. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్‌ని. అక్కడ 50 సీసీ దాటిన ఏ బండికైనా లైసెన్సు కావాలి. టూరు వాళ్ళు ఇచ్చే 110 సీసీ హోండా వేవ్‌కీ కావాలి, ఎక్స్ఆర్ 150కీ కావాలి.

అంటే ముందూ వెనకా గైడు ఉన్నా మనం హ్యాండిల్ పట్టుకుంటే చట్టప్రకారం లైసెన్సు లేనట్టే లెక్క. నేను ఇన్సూరెన్సు క్లెయిముల సెక్షన్‌లో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఫైలు తెరవగానే మొదట చూసేది చెల్లే లైసెన్సు ఉందా లేదా అనే. కాలు విరిగి హనోయి ఆసుపత్రిలో పడుకుంటే ట్రావెల్ ఇన్సూరెన్సు ఒక్క రూపాయి ఇవ్వదు. నా ఓటు ఈజీ రైడర్‌కే.

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
మా అల్లుడు రెండేళ్ళ కిందట వెళ్ళొచ్చాడు తల్లీ. మన పర్మిట్ చూపించే బండి తీసుకున్నాడు. ఎవరూ ఆపలేదు.

సీతమ్మధార రైడర్:
ఆపకపోవడం వేరు, చెల్లడం వేరు గురువు గారూ. మా ఆఫీసులో ఒకతన్ని క్వాన్ బా వెళ్ళే దారిలో ఆపారు. ఫైను కట్టించుకుని బండి అక్కడే పెట్టించారు. మిగతా మూడు రోజులూ ఇంకొకరి వెనక కూర్చుని తిరిగాడు.

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
ఒకతన్ని ఆపారు, ఒకతన్ని ఆపలేదు. దీన్నిబట్టి ఏం తేలింది?

గోపాలపట్నం గేరు:
శ్రీలంక వెళ్దాం. అక్కడ మనలాగే ఎడమ వైపు నడుపుతారు.

మధురవాడ మెకానిక్:
గేరు అన్న చిన్న మాటలా అన్నారు గానీ, లైసెన్సు కన్నా నన్ను భయపెట్టేది అదే. వియత్నాంలో కుడి వైపు నడపాలి. తిన్నటి రోడ్డు మీద అరగంటలో అలవాటైపోతుంది. మలుపులో అలా కాదు. ఎదురుగా లారీ వచ్చిందనుకోండి, ఆలోచించే టైము ఉండదు, చెయ్యి దానంతట అదే ఎడమకి తిప్పేస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు కదా. అక్కడ ఎడమకి తిప్పామంటే లారీ కిందకే. ఎక్కువ నడిపినవాడికే ఈ అలవాటు గట్టిగా ఉంటుంది, అందుకే బుల్లెట్ బాబాయ్ విషయంలో నాకు ఇంకా భయం.

బళ్ళ సంగతి కూడా చెబుతాను. వేవ్‌కి క్లచ్ లివరు ఉండదు, గేర్లు మాత్రం ఉంటాయి. దిగేటప్పుడు కింద గేరులో పెడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. గేర్లు లేని ఆటోమేటిక్ స్కూటరు తీసుకుంటే దిగుడంతా బ్రేకు మీదే భారం. పది కిలోమీటర్లు అలా బ్రేకు నొక్కి ఉంచితే డిస్కు కాగిపోతుంది, లివరు మెత్తగా లోపలికి పోతుంది గానీ బండి ఆగదు. అరకు నుంచి దిగొచ్చిన స్కూటర్లు నా షెడ్డుకి నెలకి రెండైనా వస్తాయి, ప్యాడ్లు గాజులా మెరుస్తూ. ఎవరు నడిపినా సరే, ఆటోమేటిక్ మాత్రం వద్దు.

సాగరతీరం:
వాతావరణం గురించి ఒక మాట. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, కొండచరియలు పడతాయి. 2024 సెప్టెంబరులో యాగి తుపాను వచ్చి ఉత్తర వియత్నాం అంతా అతలాకుతలమైంది. హుద్‌హుద్ చూసినవాళ్ళం, మనకి వేరే చెప్పక్కర్లేదు. నవంబరు అయితే ఆకాశం తేటగా ఉంటుంది, కొండల మీద బక్‌వీట్ అనే పంట పూలు కూడా ఉంటాయి. నెల మార్చొద్దు.

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
మెకానిక్కూ, నువ్వు కూడానా? ఎడమ కుడి తెలియకుండా ముప్పై నాలుగేళ్ళు నడిపానా? గ్రూపు అంటే స్నేహితులు కలిసి వెళ్ళడం. జీతం ఇచ్చి తెచ్చుకున్నవాడి వెనక బడిపిల్లల్లా వరసలో వెళ్ళడం కాదు. వాడు ఆగమన్నచోట ఆగాలి, ఫోటో దిగమన్నచోట దిగాలి, రాత్రి వాడు చూపించిన ఇంట్లో పడుకోవాలి. భయపడేవాళ్ళు ఇంట్లో ఉండొచ్చు, బలవంతం ఏమీ లేదు.

ఎన్ఏడీ కుర్రాడు:
రాత్రి అంటే గుర్తొచ్చింది, ఆ ఇళ్ళలో మొక్కజొన్న సారా పోస్తారట కదా?

సీతమ్మధార రైడర్:
పోస్తారు తమ్ముడూ. 2020 నుంచి అక్కడ ఒక్క చుక్క ఒంట్లో ఉన్నా బండి నడపకూడదు. ఇంత దాకా ఫరవాలేదు అన్న హద్దు కూడా లేదు, సున్నా అంటే సున్నాయే. రాత్రి పన్నెండింటి దాకా తాగి పొద్దున్నే ఎనిమిదింటికి హ్యాండిల్ పడితే లెక్కలోకి వస్తుంది. లైసెన్సు సరిగ్గా లేనివాడికి అది రెండో కేసు.

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
మళ్ళీ లైసెన్సు! పొద్దున్నుంచీ అదొక్కటే పట్టుకున్నావు. కాయితాలు చదివి భయపడితే రోడ్డెక్కలేం. నీకు రావాలని లేకపోతే ఆ మాటే చెప్పు, అందరినీ ఆపడమెందుకు?

సీతమ్మధార రైడర్:
రావాలని లేకపోతే ఎనిమిది నెలలుగా డబ్బు దాచుకోను. ఈ-వీసాకి 25 డాలర్లు ఎవరు ఎలా కట్టాలో గ్రూపులో అందరికీ చెప్పింది నేనే.

ఇంక అడిగారు కాబట్టి చెబుతాను. మొన్న డిసెంబరులో వంజంగి వెళ్ళాం. రాత్రి రెండింటికి మద్దిలపాలెంలో బయల్దేరాం, పదకొండు బళ్ళు. పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాలు దాటాక మంచు దట్టంగా పట్టింది. ముందున్న బండి ఎర్రలైటు కాసేపు కనిపించింది, తరవాత అదీ లేదు. మలుపులో ఇసక మీద జారి పడ్డాను. బండి నా కాలు మీద పడింది. క్లచ్ లివరు విరిగి దూరంగా పడింది, ఎడమ మణికట్టు కదల్చలేకపోయాను. హెడ్‌లైటు మాత్రం పక్కనున్న చెట్టు మీద వెలుగుతూనే ఉంది. ట్యాంకు మూతలోంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఫోనుకి సిగ్నల్ లేదు.

యాభై నిమిషాలు. ఒక్క బండి కూడా వెనక్కి రాలేదు. చివరికి సంతకి వెళ్తున్న ఆటో ఆగింది. అందులో ఉన్న ఆడవాళ్ళు దిగి బండి ఎత్తారు. ఒకావిడ తన కండువాతో చెయ్యి కట్టింది. నేను పాడేరు చేరేసరికి మీరందరూ టిఫిను తింటున్నారు. "ఏమ్మా, లేటైంది?" అని అడిగారు గురువు గారు. ఆ రోజు లీడర్ మీరు.

నాకు కాయితాలంటే పిచ్చి కాదు. డబ్బు తీసుకున్నవాడైనా ప్రతి స్టాపులో బళ్ళు లెక్కపెడతాడని గైడు కావాలంటున్నాను.

గోపాలపట్నం గేరు:
ఇది నాకు తెలియదు. చెయ్యి బెణికిందని మాత్రం విన్నాను.

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
నువ్వు పడ్డావని నాకెలా తెలుస్తుంది తల్లీ? ముందున్నవాడు రోడ్డు చూడాలా, వెనక పది బళ్ళు లెక్కపెట్టాలా? మంచులో ఆగితే వెనకవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. పాడేరులో కలుద్దాం అని బయల్దేరే ముందే అందరికీ చెప్పాను. సూర్యోదయానికి వంజంగి ఎక్కాలని అందరూ తొందరపెట్టారు, నువ్వు కూడా. ఇప్పుడు తప్పంతా నా మీద వేస్తే ఎలా? ఇన్నేళ్ళలో నా వెనక వచ్చినవాళ్ళు ఎవరూ ఈ మాట అనలేదు.

ఎన్ఏడీ కుర్రాడు:
అక్కా, మీరు కనిపించట్లేదని పాడేరులో నేను అడిగాను. మెల్లగా వస్తుంది లే అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు. అప్పుడు నేనైనా వెళ్ళాల్సింది.

సీతమ్మధార రైడర్:
మెల్లగా వస్తుంది లే. ఆ మాట నాకు ఇవాళే తెలిసింది.

సాగరతీరం:
ఇక్కడ ఆపుదాం. ఫోన్లో మాట్లాడుకుందాం.

సీతమ్మధార రైడర్:
ఫోన్లో వద్దండీ. నవంబరులో మనవాళ్ళు తొమ్మిదిమంది ఒకరినొకరు నమ్ముకుని పరాయి దేశం వెళ్తున్నారు. అందరూ చదవాలి.

మధురవాడ మెకానిక్:
నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఆ రోజు చివరి బండి నాది. బయల్దేరేముందు బాబాయ్ నాకే అప్పగించారు, ఎవరినీ దాటొద్దు, ఎవరైనా ఆగితే నువ్వూ ఆగు అని. ఘాట్ మొదట్లో అక్క మరీ మెల్లగా వెళ్తోందని, వెనక నిద్రొస్తోందని దాటేశాను. వ్యూపాయింట్ దగ్గర ఆగి చూద్దాంలే అనుకున్నాను. మంచులో వ్యూపాయింటే కనపడలేదు. అలాగే వెళ్ళిపోయాను. పాడేరులో "మెల్లగా వస్తుంది లే" అన్నది కూడా నేనే.

బాబాయ్‌కి తెలియదు, తప్పు ఆయనది కాదు. అక్క బండి తరవాత నా షెడ్డుకే వచ్చింది. లివరు, ఇండికేటరు మార్చి డబ్బు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో కూడా చెప్పలేకపోయాను.

సీతమ్మధార రైడర్:
నన్ను దాటింది మీ బండే అని ఆ రాత్రే తెలుసు. ఆ సైలెన్సరు చప్పుడు నాకు తెలియనిదా? మీరే చెబుతారని చూశాను. ఇప్పటికైనా చెప్పారు.

గురువు గారూ, మీరు చివరి బండి పెట్టారన్నది నాకు తెలియదు. ఆ మాట వరకూ వెనక్కి తీసుకుంటున్నాను. పాడేరులో లెక్కపెట్టలేదన్నది మాత్రం తీసుకోను. పది బళ్ళు ఆగి ఉన్నాయి, పదకొండోది లేదు. ఇడ్లీ వచ్చే లోపు లెక్క తేలేది.

గోపాలపట్నం గేరు:
నాది ఈజీ రైడర్. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

ఎన్ఏడీ కుర్రాడు:
నాది కూడా. అమ్మ కూడా అదే అయితే పంపిస్తానంది.

మధురవాడ మెకానిక్:
నేను ఈసారి రావట్లేదు. నా సీటు ఇంకెవరికైనా ఇవ్వండి. ఈ ఆదివారం భీమిలి రైడుకి చివరి బండి నాకే ఇస్తే వస్తాను. అక్కకి అభ్యంతరం ఉంటే అదీ వద్దు.

సీతమ్మధార రైడర్:
ఆదివారం రండి. వియత్నాం సంగతి 20 లోపు మళ్ళీ ఆలోచించుకోండి.

సాగరతీరం:
ఇప్పటికి ఈజీ రైడర్‌కి ఆరు పేర్లు వచ్చాయి, ఇక్కడా ఫోన్లోనూ కలిపి. ఒకరు మానుకున్నారు. బుల్లెట్ గారూ, మీ పేరు ఎక్కడ రాయమంటారు?

డాల్ఫిన్ నోస్ బుల్లెట్:
నా పేరు ఇప్పుడే రాయొద్దు. వెనక కూర్చోవడం నాకు ఇంకా మనసొప్పట్లేదు.

పాడేరులో లెక్కపెట్టాల్సింది. అది నా పనే.

వెళ్ళేవాళ్ళు హెల్మెట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి, నిండు మొహం కప్పేవి. మా అల్లుడి ఫోటోలు మళ్ళీ చూశాను. అక్కడ వాడికి ఇచ్చింది చెవుల పైదాకానే ఉంది, గడ్డం కింద పట్టీ కూడా వదులుగా ఉంది. నా దగ్గర రెండు ఎక్కువున్నాయి, ఆదివారం భీమిలి తెస్తాను. ఎవరికి సరిపోతే వాళ్ళు తీసుకోండి.