ఫ్లోరిడా పక్షుల ట్రిప్: డిసెంబర్‌లోనా, మార్చిలోనా?

అట్లాంటా పిచ్చుక: అమ్మానాన్న నెల్లూరు నుంచి వచ్చి ఉన్నారు. డిసెంబర్ సెలవుల్లో నాలుగు రోజులు ఫ్లోరిడా చిత్తడి నేలల పార్కు ఎవర్‌గ్లేడ్స్ తీసుకెళ్దామనుకుంటే, ఆఫీసులో ఒకాయన "మార్చి దాకా ఆగు, డిసెంబర్ వేస్ట్" అన్నాడు. నిజమేనా? అమ్మకు మోకాళ్ల నొప్పులు.

గూడబాతు: ఆయన చెప్పింది సగం నిజం. అక్కడ వానలు అక్టోబర్, నవంబర్‌లలో ఆగుతాయి. తర్వాత ఏప్రిల్ దాకా నీళ్లు తగ్గుతూనే ఉంటాయి. ఎండే మడుగుల్లో చేపలు ఇరుక్కుంటే కొంగలన్నీ అక్కడికే చేరతాయి. వుడ్ స్టార్క్ అనే కొంగ అయితే కంటితో వెతకదు, ముక్కు తెరిచి నీళ్లలో పెట్టి, తగిలిన చేపను పట్టేస్తుంది. చేపలు చిక్కగా ఉంటేనే దాని కడుపు నిండేది. అందుకే నా ఓటు మార్చికే.

పులికాట్ వాడు: నెల్లూరు వాళ్లకి కొంగల్ని చూపించడానికి ఫ్లోరిడానా! నేలపట్టు పక్కనే పెట్టుకుని!

గూడబాతు: బ్రదర్, నేలపట్టు గూడబాతు (అదే, పెలికాన్) నీళ్ల మీద తేలుతూ చేపల్ని తోడుకుంటుంది. ఫ్లోరిడా తీరంలో బ్రౌన్ పెలికాన్ పైనుంచి రాయిలా నీళ్లలో పడుతుంది. అది చూశాక మాట్లాడు. ఫ్లెమింగోల విషయంలో మాత్రం మీ పులికాట్‌దే గెలుపు. ఎవర్‌గ్లేడ్స్ చివర 'ఫ్లెమింగో' అనే చోటు ఉంది, అక్కడ ఆ పక్షి కనిపిస్తే అదృష్టమే.

మయామి మామ: డిసెంబర్ వేస్ట్ అంటే నేనొప్పుకోను. ఎవర్‌గ్లేడ్స్‌లోనే అన్‌హింగా ట్రెయిల్ అని నడకదారి ఉంది, దాని కింద ఉన్నది లోతైన వాగు, దాంట్లో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. రానూపోనూ మైలు కూడా ఉండదు, సాఫీ దారి, అమ్మగారు హాయిగా నడుస్తారు. పాములాంటి మెడ ఉన్న అన్‌హింగా పక్షి రెక్కలు ఆరబెట్టుకుంటూ చేతికందేంత దూరంలో కూర్చుంటుంది. కారు మీద మాత్రం టార్పాలిన్ కప్పండి, నల్ల రాబందులు వైపర్ల రబ్బరు పీకేస్తాయి. నా కారుకి అదే జరిగింది, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

గూడబాతు: ఆ ఒక్క ట్రెయిల్‌కి ఒప్పుకుంటా మామా. మిగతా చోట్ల డిసెంబర్‌లో ఇంకా నీళ్లెక్కువ, పక్షులు చెదిరిపోయి ఉంటాయి. గేటు నుంచి ఫ్లెమింగో దాకా 38 మైళ్లు, పెద్దవాళ్లని అంత దూరం తిప్పి నాలుగు కొంగలు చూపిస్తావా?

మయామి మామ: సరే, అందుకే ఎవర్‌గ్లేడ్స్‌కి ఒక్క రోజు చాలంటాను. మిగతా రోజులు పడమటి తీరంలో శానిబెల్ దీవికి ఇవ్వండి. చలికి ఉత్తరం నుంచి దిగే తెల్ల పెలికాన్లు డిసెంబర్‌కల్లా వచ్చేసి ఉంటాయి. డింగ్ డార్లింగ్ శరణాలయంలో నాలుగు మైళ్లు కార్లోంచే చూడొచ్చు. గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు అక్కడ కనిపిస్తాయి. శుక్రవారం ఆ దారి మూసేస్తారు, జాగ్రత్త.

గూడబాతు: తీరంలో నెల కన్నా ఆటుపోట్లే ముఖ్యం. పోటు మీద వెళ్తే బురద మునిగిపోయి ఏమీ కనపడదు. ముందు ఆటు టైమ్ చూసుకుని, తర్వాత హోటల్ బుక్ చేయండి.

అట్లాంటా పిచ్చుక: డిసెంబర్‌కే ఫిక్స్. ఒక రోజు అన్‌హింగా, మూడు రోజులు శానిబెల్. నాన్న అప్పుడే టార్పాలిన్ ఎక్కడ కొనాలని అడుగుతున్నారు.

మయామి మామ: కొనక్కర్లేదు, పార్కింగ్ దగ్గర వాళ్లే ఉంచుతారు. వెళ్లేటప్పుడు మళ్లీ అక్కడే పెట్టేయండి.