తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నవారి అనుభవాలు కావాలి

హన్మకొండ తెలుగు టీచర్:
నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు, నోట్సులు, వార్షికోత్సవ నివేదికలు అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చుకునే పద్ధతిలోనే ఇన్నాళ్లూ టైపు చేస్తూ వచ్చాను. మామూలు ఉత్తరాలకు అది సరిపోతుంది గానీ, ఛందస్సు ప్రశ్నలు, పద్యపాదాలు వచ్చేసరికి శకటరేఫకు (ఱ) ఏ అక్షరం, అరసున్నకు (ఁ) ఏ గుర్తు అని ప్రతిసారీ ఆగి వెతుక్కోవలసి వస్తోంది. సూచనలు చూపించే సాఫ్ట్‌వేర్లయితే నేను "కళ" అనుకుంటే "కల" అని పెట్టి ముందుకు పోతాయి. అది ప్రశ్నపత్రంలో అచ్చయితే పిల్లల ముందు నవ్వులపాలయ్యేది నేనే. వేసవి సెలవుల్లో, తెలుగు అక్షరాలకు నేరుగా మీటలున్న లేఅవుట్ (మీటల అమరిక) అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుందామని ఉంది. దానివల్ల ఇంగ్లిష్ టైపింగ్ వేగం దెబ్బతింటుందా? కీబోర్డు మీద తెలుగు స్టిక్కర్లు అతికించుకోవడం మంచిదేనా? నేర్చుకున్నవారు చెప్పగలరు.

చౌరస్తా డీటీపీ:
నమస్తే మేడమ్. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు మా పని. మా లైనులో అను ఫాంట్లు, వాటితో పాటు యాపిల్ అనే ఇంకో తెలుగు లేఅవుట్‌దే రాజ్యం, కనుక నా చేతులు ఇప్పటికీ దానికే అలవాటు పడి ఉన్నాయి. అయితే ఆ ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని అలాగే వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం తప్ప తెలుగు కనిపించదు, ఎందుకంటే అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్ అయినా, ఫోన్ అయినా ఒకేలా గుర్తించే అక్షరాల ప్రమాణం) ఫాంట్లు కావు. వెబ్‌సైట్లకు వార్తలు కొట్టిచ్చే పని మొదలైనప్పటి నుంచి నేను ఇన్‌స్క్రిప్ట్ కూడా వాడుతున్నాను.

మీరు తెలుగు టీచర్ కాబట్టి మీకు ఇది మాకంటే తేలికగా పట్టుబడుతుందని నా నమ్మకం. ఈ లేఅవుట్ వర్ణమాల వరుసను పట్టుకుని కూర్చింది. గుణింతపు గుర్తులన్నీ ఎడమచేతి కింద, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి కింద ఉంటాయి. కె మీట మీద క, షిఫ్ట్‌తో ఖ. ఐ మీట మీద గ, షిఫ్ట్‌తో ఘ. అల్పప్రాణం ఎక్కడుందో తెలిస్తే మహాప్రాణం ఎక్కడుందో వేరే గుర్తుపెట్టుకోనక్కరలేదు. అట్లాగే ఎఫ్ మీట కొడితే గుడి, షిఫ్ట్‌తో కొడితే ఇ. అచ్చు విడిగా వచ్చేది ఎక్కువగా మాట మొదట్లోనే కనుక ఆ షిఫ్ట్ పని అంతగా ఉండదు. మీరు అడిగిన శకటరేఫ ర మీటకే షిఫ్ట్ నొక్కితే వస్తుంది, అరసున్న నిండుసున్న (ం) మీటకు షిఫ్ట్ నొక్కితే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పొల్లు. అది డి మీట మీద, ఎడమచేతి నడిమివేలి కిందే ఉంటుంది. ఒత్తులకు విడిగా మీటలు లేవు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు కొడితే ఒత్తు దానంతటదే కిందికి దిగుతుంది. "పక్క" అంటే ప, క, పొల్లు, క. యాపిల్ లేఅవుట్ నుంచి వచ్చినవారి చేతులు తడబడేది ఇక్కడే. ఈ ఒక్క అలవాటు కుదిరితే మిగతాదంతా సాధన మీద వస్తుంది.

కాజీపేట నుంచి:
పై మిత్రుడు చెప్పినది నిజమే గానీ, ఆయన మంచి వైపు మాత్రమే చెప్పారు. నేను రోజూ పేజీలకు పేజీలు కొడతాను కాబట్టి నొప్పి ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. హల్లులు కుడిచేతికి, గుణింతాలు ఎడమచేతికి అన్న సూత్రం కింది వరుస దగ్గర తప్పుతుంది. మ, న, వ అనే మూడు హల్లులు సి, వి, బి మీటల మీద, అంటే ఎడమచేతి వైపే ఉన్నాయి. గుడి, కొమ్ము, వాటి దీర్ఘాలు కూడా ఎడమచేతి చూపుడువేలివే. ఇక తెలుగులో ని, ను, వి, వు లేని వాక్యం ఎక్కడ దొరుకుతుంది? మన మాటలు అచ్చులతో ముగుస్తాయి, అందులో ఉకారంతో ముగిసేవి మరీ ఎక్కువ. ఆ భారమంతా ఒకే వేలి మీద పడుతుంది. "నువ్వు" అనే మాటను మొదటి నుంచి చివరిదాకా ఎడమచెయ్యే కొట్టాలి, కుడిచెయ్యి చూస్తూ కూర్చుంటుంది. "అమ్మ" అయితే ఇంకా విచిత్రం: అ, పొల్లు ఒకే మీట, మ దాని కిందిది, కనుక షిఫ్ట్ మినహా నాలుగు దెబ్బలూ ఒక్క నడిమివేలివే.

రెండో ఇబ్బంది హ్రస్వమైన ఎత్వం, ఒత్వం. ఏత్వం, ఓత్వం మధ్య వరుసలో హాయిగా ఉన్నాయి, ఎత్వం మాత్రం కింద మూలకు జెడ్ మీటకు పోయింది, ఒత్వం పైన ఎడమ కొసన, 1 అంకెకు పక్కన ఉన్న మీట మీదికి ఎక్కింది. హిందీలో హ్రస్వ ఎ, ఒ లు లేవు, మనకేమో చెప్పు, పెట్టు, కొను, పొలం అంటూ అడుగడుగునా అవే. అన్ని భాషలకూ ఒకే అచ్చు పోస్తే మూలకు నెట్టబడేవి ఇట్లాంటివే. చివరికి "హన్మకొండ" అని రాయడానికి కూడా చిటికెనవేలు ఆ కొసదాకా చాపవలసిందే. ఇది తెలిసే నేర్చుకోండి, నేనూ వదలలేదు.

ఆదిలాబాద్ మిత్రుడు:
కాజీపేట గారు లోపంగా చూపిన దానివల్లే మాకు మేలు జరిగింది. మా జిల్లాలో ఇంట్లో మరాఠీ, బయట తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేతికి వచ్చాక నేను మరాఠీకి విడిగా ఏమీ నేర్చుకోలేదు, భాష మార్చి అవే మీటలు కొడితే దేవనాగరిలో అవే అక్షరాలు వస్తాయి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం ఈ లేఅవుట్‌ను ప్రామాణికం చేసినప్పటి ఉద్దేశం కూడా అదే. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ తన ప్రమాణంలో దీన్ని చేర్చింది. కన్నడం, తమిళం, బెంగాలీ అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే.

పరకాల బిడ్డ:
ఇంగ్లిష్ వేగం సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే నేను రెండు రకాలుగానూ మార్చి చూసినవాణ్ణి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మామూలు క్వెర్టీ వదిలి ఇంగ్లిష్‌కు ద్వొరాక్ లేఅవుట్ పట్టుకున్నాను. అమెరికాలో ఆగస్ట్ ద్వొరాక్, ఆయన బావమరిది విలియం డీలీ కలిసి 1936లో పేటెంట్ పొందిన లేఅవుట్ అది. అచ్చులన్నీ ఎడమచేతి మధ్య వరుసలో పెట్టి, రెండు చేతులూ వంతులవారీగా కదిలేట్టు కూర్చారు. ఇన్‌స్క్రిప్ట్ కూడా గుణింతాలను ఎడమచేతికే ఇచ్చింది కాబట్టి నాకు ఈ రెండింటి మధ్య చుట్టరికం కనిపిస్తుంది.

కానీ నేర్చుకునేటప్పుడు రెండూ ఒకటి కావు మేడమ్. ద్వొరాక్‌లో అదే ఇంగ్లిష్ అక్షరం కొత్త చోటికి మారుతుంది, కనుక పాత అలవాటు, కొత్త అలవాటు వేళ్లలో కొట్లాడుకుంటాయి. కొన్ని వారాలపాటు నాకు రెండూ సరిగా రాలేదు, ఆఫీసులో పక్కవాళ్ల కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు ఆగిపోయేవి. ఇన్‌స్క్రిప్ట్‌తో ఆ తంటా రాలేదు. క అనుకున్నప్పుడు వేలు ఒకచోటికి, ఇంగ్లిష్ అక్షరం అనుకున్నప్పుడు ఇంకోచోటికి పోతుంది. లిపి వేరు కాబట్టి బుర్ర కలగలపదు. కాబట్టి నిశ్చింతగా మొదలుపెట్టండి. ద్వొరాక్ జోలికి మాత్రం అవసరం లేకుండా పోవద్దని నా సలహా, ఎందుకంటే వేగంలో దక్కే లాభం పడే పాట్లకు తగినంతగా నాకైతే కనిపించలేదు.

పాత టైపు మాస్టారు:
టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన అనుభవంతో చెబుతున్నానమ్మా, స్టిక్కర్లు వద్దు. అవి ఉన్నన్నాళ్లూ కళ్లు కిందికే పోతాయి, వేళ్లకు చోటు గుర్తుండదు. మిషన్ల కాలంలో మేము పిల్లల చేతుల మీద గుడ్డ కప్పి కొట్టించేవాళ్లం. ఇప్పుడు విండోస్‌లో తెరమీది కీబోర్డు ఉంది, దాన్ని తెరిచి ఒక పక్కన పెట్టుకుంటే తెలుగు అక్షరాలు అందులోనే కనిపిస్తాయి, షిఫ్ట్ నొక్కగానే మహాప్రాణాలకు మారడం కూడా చూడవచ్చు. చూపు తెర దాటి కిందికి రాదు.

చూపుడువేళ్లు గట్లున్న రెండు మీటల మీద ఆనించండి, ఎడమది గుడి, కుడిది ర. ముందు మధ్య వరుస ఒక్కటే పట్టుకోండి. కుడివైపు ప, ర, క, త, చ, ట. ఎడమవైపు ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. ఈ పదకొండు మీటలతోనే ఎన్ని మాటలు వస్తాయో చూడండి: కోట, పేట, తోట, పేరు, చోటు, కోరిక, చిరుత, పుట్ట, పక్క, చుక్క. అర్థంలేని అక్షరాల వరుసలు కొట్టించడం ఇంగ్లిష్‌లో పద్ధతి గానీ, తెలుగుకు మాటలే మేలు, ఎందుకంటే పొల్లు, ఒత్తు ఎప్పుడు వస్తాయో మాటలోనే తెలుస్తుంది. ఆ వరుస కుదిరాక పై వరుస చేర్చండి, "గోదారి" కొట్టండి. కింది వరుసను చివరికి ఉంచండి. కాజీపేట బాబు చెప్పిన ఎడమచేతి బరువు అప్పుడు తెలుస్తుంది, మణికట్టును బల్లకు ఆనించకుండా కొడితే అది కొంత తగ్గుతుంది. వేగం కోసం తొందరపడవద్దు, తప్పుగా పడిన అలవాటును మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

హన్మకొండ తెలుగు టీచర్:
అందరికీ ధన్యవాదాలు. విండోస్ సెట్టింగులలో తెలుగు చేర్చాను, విండోస్ మీటతో స్పేస్ నొక్కి భాష మార్చుకోవడం కూడా వచ్చింది. మధ్య వరుస మాటలు కొడుతున్నాను. ఒక సందేహం: "సాఫ్ట్‌వేర్" కొడితే వ కిందికి ఒత్తుగా దిగిపోయి "సాఫ్ట్వేర్" అవుతోంది. ట దగ్గర పొల్లును పొల్లుగానే నిలపడం ఎట్లా? మధ్యలో స్పేస్ ఇస్తే మాట రెండు ముక్కలవుతోంది.

చౌరస్తా డీటీపీ:
స్పేస్ ఇవ్వకండి మేడమ్, తరువాత వెతికినప్పుడు ఆ మాట దొరకదు. పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది పక్క అక్షరాన్ని ఒత్తుగా దిగకుండా ఆపుతుంది. దాని మీట విండోస్‌లో ఒకచోట, లినక్స్‌లో ఒకచోట ఉంటుంది, కనుక మీ సిస్టంలో ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. ఇంగ్లిష్ మాటలు, రాజ్‌భవన్ లాంటి పేర్లు వచ్చినచోటల్లా ఇది కావాలి.

కాజీపేట నుంచి:
ఒక మాట చేరుస్తాను. తెలుగు వికీపీడియాలో రాసే పెట్టెలోనే ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకునే వీలుంది, కంట్రోల్‌తో ఎం నొక్కితే అది పనిచేస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. బడిలోని కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చే అనుమతి లేకపోతే అక్కడ సాధన చేయవచ్చు. మన ఊళ్ల వ్యాసాలలో అచ్చుతప్పులు బోలెడు ఉన్నాయి, వాటిని దిద్దుతూ పోతే సాధనకు సాధన, పనికి పని.

గోదావరిఖని నుంచి:
చౌరస్తా అన్నా, నాకు యాపిల్ లేఅవుట్ తప్ప ఇంకేదీ రాదు, నేర్చుకునే తీరికా లేదు. యూనికోడ్‌లో దాన్నే వాడే దారి ఉందా?

చౌరస్తా డీటీపీ:
ఉంది తమ్మీ. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ చేరిస్తే తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌(ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి)లతో పాటు యాపిల్ కూడా కనిపిస్తుంది. అయితే తెలుగు టైపింగ్ పరీక్ష ఉన్న ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంటే, ప్రకటనలో ఏ లేఅవుట్ అడిగారో చూసుకుని ఫీజు కట్టు.