మబ్బు పడితే చాలు, పాప గుంటూరు వెళ్ళిపోదామంటోంది

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ)

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు మా వీధిని ముంచెత్తినప్పుడు మా పాపకు ఏడేళ్ళు. డాబా మీద తలదాచుకొని, తర్వాత పడవలో బయటపడ్డాం. ఇప్పటికీ ఆకాశం నల్లబడితే కడుపునొప్పి అంటుంది, బడికి వెళ్ళనంటుంది, పుస్తకాల సంచి పక్కలో పెట్టుకొని పడుకుంటుంది. గుంటూరులోని మా అక్క ఇంట్లో దిగగానే మామూలైపోతుంది కనుక, వాన సూచన ఉన్నప్పుడల్లా అక్కడికే పంపుతున్నాం. మా అత్తగారు ఆ ఊసే ఎత్తవద్దంటారు. మావారేమో "ఇక వరద రాదమ్మా" అని పదేపదే చెబుతారు. పదో తరగతి చదివే మా బాబు ఏమీ అనడు గానీ, రాత్రిళ్ళు ఫోన్‌లో వాన వార్తలు చూస్తూ మేలుకుంటున్నాడు. మేము ఎలా నడుచుకోవాలి?

సమాధానం 1 (విశ్రాంత ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు)

వరద రాదని మాత్రం మాట ఇవ్వకండమ్మా. ఆ మాట మన చేతిలో లేదని పిల్లలకూ తెలుసు, అందుకే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. జరిగినది ఆమె వయసుకు తగినట్టు చెప్పండి: బుడమేరు నీళ్ళను మళ్ళించే డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, సైన్యం కూడా వచ్చి సాయపడగా వాటిని పూడ్చారు, మళ్ళీ నీళ్ళు వచ్చే సూచన కనిపిస్తే మనం ఫలానా సమయంలో ఫలానా చోటికి వెళతాం అని. అలా వెళ్ళేటప్పుడు ఆ సంచిలో ఏమేం ఉండాలో ఆమెనే రాయమనండి. ఊసు ఎత్తకపోతే మరచిపోతారన్న పెద్దల నమ్మకం నా అనుభవంలో ఎప్పుడూ నిజం కాలేదు.

సమాధానం 2 (పిల్లల మానసిక వైద్యురాలు, విజయవాడ)

కడుపునొప్పి నటన కాదు. భయం చిన్నపిల్లల్లో చాలాసార్లు ఒంటి నొప్పిగానే బయటపడుతుంది. ముందు పిల్లల వైద్యులకు ఒకసారి చూపించండి. ఇక గుంటూరు ప్రయాణాల విషయానికి వస్తే, మబ్బు చూసి పారిపోయిన ప్రతిసారీ పాపకు ఊరట దొరుకుతుంది, కానీ ఆ ఊరటే "వెళ్ళిపోబట్టి బతికాం" అన్న నమ్మకాన్ని బలపరుస్తుంది. చిన్న జల్లు పడుతుండగా ఆమెతో కలిసి వరండాలో కూర్చోవడం, మామూలు వానలో గొడుగు వేసుకొని బడికి నడవడం వంటివి మెల్లగా, బలవంతం లేకుండా అలవాటు చేయండి. తరగతి టీచరుకూ చెప్పి ఉంచండి.

సమాధానం 3 (పాయకాపురం)

డాక్టరుగారూ, నిజంగానే నీళ్ళు వస్తే? మేమూ మునిగినవాళ్ళమే, ఇంట్లో ఉండిపొమ్మనడానికి నాకు ధైర్యం చాలదు.

సమాధానం 4 (సమాధానం 2 రాసినవారు)

ఉండిపొమ్మనడం లేదండీ. అధికారుల హెచ్చరిక రాగానే బయలుదేరండి, మబ్బును చూసి కాదు. ఆ నియమం పాపకు ముందే తెలిసి ఉండాలి. ప్రకాశం బ్యారేజీ వద్ద నీటి ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే ఇచ్చే మొదటి హెచ్చరిక కృష్ణా నదికి సంబంధించినది. మీ ప్రాంతాలవారు బుడమేరు సమాచారాన్ని విడిగా గమనించాలి. వాన వార్తలు చూసే పని బాబుకే అప్పగించండి, అయితే సాయంత్రం ఒక్కసారే చూసి ఇంటిల్లిపాదికీ చెప్పాలి, రాత్రి ఫోన్ హాల్లో ఉండాలి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ వయసువాళ్ళు నోరు విప్పరు, బండి మీద వెళుతున్నప్పుడు అడిగి చూడండి. ఇంత కాలమైనా నిద్ర, బడి దెబ్బతింటున్నాయి కనుక నిపుణులను కలవడం ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ముందుగా మీరే మాట్లాడినా సరిపోతుంది.