'నెట్ కాట్' అని రాసి పంపారు, నమ్మవచ్చునా?

నీలగిరి అక్వేరియం:
సాయంత్రం ఆరు గంటల నుంచి ఇదే విషయం మీద వెతుకుతున్నాను. ఇప్పుడు రాత్రి ఒంటి గంట దాటింది, దొరికిన సమాధానాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. నల్లగొండలో మాది చిన్న అక్వేరియం దుకాణం. ఇన్నేళ్లుగా గోల్డ్‌ఫిష్, గప్పీలతోనే గడిచిపోయింది గాని, ఈ మధ్య ఇద్దరు ముగ్గురు సముద్రపు చేపలు కావాలని అడగడంతో హైదరాబాదులోని ఒక టోకు వ్యాపారి దగ్గర మూడు చేపలు తెచ్చాను. మూడూ చనిపోయాయి. సయనైడ్ అనే విషం చల్లి పట్టిన చేపలు ఇలాగే పోతాయని తెలిసినవారొకరు అన్నారు. రేపు పదింటికల్లా రెండో ఆర్డరు ఖాయం చేయాలి. ఈసారి జాబితాలో ప్రతి చేప పక్కనా 'నెట్ కాట్', అంటే వలతో పట్టినది, అని రాసి పంపారు. పగడపు దిబ్బలకు హాని లేకుండా పట్టిన చేప ఏదో, విషంతో పట్టినది ఏదో చూసి గుర్తుపట్టే మార్గం ఉంటే చెప్పండి. 'సముద్రపు చేపలు మీకెందుకు' అనే సలహా మాత్రం వద్దు.

మిర్యాలగూడ వాసి:
చేపల పేర్లు?

పాలమూరు సారు:
అసలు సంగతి నీళ్లలో ఉంది, దానిని ఎవరూ పట్టించుకోరు. నల్లగొండ బోరు నీటిలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే వంచింది, చేప ఒక లెక్కా? నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వారు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని మీ జిల్లా పేరే పెట్టారు. అయితే అలా శుద్ధి చేసిన నీటిని కూడా చేపల తొట్టెలో పోయకూడదు, ఎందుకంటే అందులో పటిక అవశేషం మిగిలే అవకాశం ఉంటుంది. బోరు నీరా, కృష్ణా నీరా, ముందు అది రాయండి.

నీలగిరి అక్వేరియం:
సారూ, నేను అడిగినది చేపను పట్టే పద్ధతి గురించి. నీళ్లు బోరువే, మార్కెట్లో దొరికే సముద్రపు ఉప్పు ప్యాకెట్ కలిపాను. చేపలంటే ఒక నీలి టాంగ్, ఒక మాండరిన్, ఒక క్లౌన్. టాంగ్ నాలుగో రోజున, క్లౌన్ ఆరో రోజున, మాండరిన్ పద్దెనిమిదో రోజున పోయాయి.

సాగర్ కట్ట:
నేను రామేశ్వరం వైపు కొన్నేళ్లు పని చేసి వచ్చినవాడిని కనుక తెలిసినంత రాస్తాను. ఫ్లోరైడ్ సంగతి పక్కన పెట్టండి, సహజమైన సముద్రపు నీటిలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీటిని మాత్రం ఆర్వో పట్టి వాడడం మంచిది, దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి.

ఇక సయనైడ్. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి, తర్వాత ఇండోనేషియాలో, సోడియం సయనైడ్ బిళ్లలను నీటిలో కరిగించి, పిచికారీ సీసాతో పగడాల సందుల్లోకి కొట్టి, మత్తెక్కి బయటికి వచ్చిన చేపను చేత్తో ఏరుకునే పద్ధతి పాకింది. చేపకు మత్తెక్కించిన ఆ మందే చుట్టూ ఉన్న పగడాన్ని చంపుతుంది. వల పద్ధతిలో అయితే దిబ్బ పక్కన అడ్డువల పరచి, ఈతగాడు కర్రతో చేపలను మెల్లగా అటు తోలి, చేతి జాలిలోకి తీసుకుంటాడు. లోతు నుంచి పట్టిన చేపను ఒక్కసారిగా పైకి తెస్తే గాలితిత్తి ఉబ్బిపోతుంది కాబట్టి ఓపికగా, ఆగి ఆగి పైకి తేవాలి. అంత ఓపిక ఉన్నవాడికి ధర కూడా ఆ మేరకు దక్కాలి. టోకు వ్యాపారి చెప్పే ధరలో ఆ తేడా లేకపోతే నాకైతే అనుమానమే.

మీరు అడిగిన గుర్తు మాత్రం లేదు. దుకాణంలో కూర్చుని చేప ఒంటిని చూసి సయనైడ్ అని తేల్చే పరీక్ష ఏదీ లేదు. చేప ఎక్కడ, ఎవరు, ఎప్పుడు పట్టారో వ్యాపారిని అడగండి. దేశం పేరు కూడా చెప్పలేనివారు రాసిన 'నెట్ కాట్' అనే రెండు మాటలకు విలువ లేదు.

వనపర్తి పాఠకుడు:
అన్నా, వలతో పడితే చాలు దిబ్బకు మేలు అన్నట్టుగా మీ మాట వినిపిస్తున్నది. పద్ధతి వేరు, సుస్థిరత వేరు. ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల చుట్టూ సహజంగా బతికే కార్డినల్ చేపను విషం అవసరం లేకుండా వలలతోనే పట్టారు, అయినా 2007 నాటికి అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. దాని మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలు అలలతో దూరం కొట్టుకుపోకుండా అక్కడక్కడే తిరుగుతాయి. అందువల్ల ఒక చోట ఊడ్చేస్తే ఇంకో చోటి నుంచి వచ్చి నింపే చేప ఉండదు. హవాయి పసుపు రంగు టాంగ్ పిల్లలు సముద్రంలో తేలుతూ దూరం పోతాయి కనుక అక్కడ లెక్క వేరు. 1998 చట్టం తర్వాత పశ్చిమ హవాయి తీరంలో కనీసం ముప్పై శాతం మేర అక్వేరియం చేపల సేకరణను మూసివేస్తే ఆ చేపల సంఖ్య పెరిగింది. కాబట్టి ప్రతి జాతికీ విడిగా అడగాలి.

సాగర్ కట్ట:
నేను మేలు అనలేదు తమ్ముడూ, హాని తక్కువ అన్నాను. రెండింటికీ తేడా ఉంది.

వనపర్తి పాఠకుడు:
సరే, మాట తప్పుగా అందుకున్నాను. ఇంకొక మాట, జాబితాలో 'ట్యాంక్ రెయిజ్డ్' అని ఉంటే మోసపోకండి. సముద్రంలో పిల్లగా పట్టి తొట్టెలో పెంచినదానికీ అదే పేరు పెడతారు. తొట్టెలోనే పుట్టినదానిని 'క్యాప్టివ్ బ్రెడ్' అంటారు.

పాలమూరు సారు:
రెండూ పెంపకమే కదా, ఇంగ్లీషు మాటలతో జనాన్ని తికమక పెట్టడం దేనికి?

వనపర్తి పాఠకుడు:
అడవిలో లేగను పట్టి దొడ్లో కట్టేస్తే అది మన దొడ్లో ఈనిన దూడ అవుతుందా సారూ?

మిర్యాలగూడ వాసి:
సముద్రపు గుర్రం, పగడం జాబితాలో ఉంటే కొట్టివేయండి. 1972 వన్యప్రాణి చట్టం.
తొట్టె ఎన్ని రోజుల కిందట పెట్టారు?

నీలగిరి అక్వేరియం:
చేపలు తెచ్చిన ముందురోజే నీళ్లు నింపి, ఫిల్టరు పెట్టాను. గోల్డ్‌ఫిష్‌కు ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

మిర్యాలగూడ వాసి:
ఒక్క రోజా! అమోనియా.

సాగర్ కట్ట:
ఈ మాట మొదటే రాసి ఉంటే సగం చర్చ తప్పేది. చేపల విసర్జన నుంచి పుట్టే విషం అమోనియా, దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టాంగ్, క్లౌన్ పోవడానికి అదే చాలు. మాండరిన్ అయితే రోజంతా రాళ్ల మీది సన్నని పురుగులను ఏరుకుని తినే చేప, కొత్త తొట్టెలో దానికి తిండే ఉండదు, ఆకలితో పోయి ఉంటుంది. సయనైడ్ కూడా ఉండి ఉండవచ్చు, కానీ ఇంత జరిగాక దానిని వేరు చేసి చూపలేము. ముందు ఈ ఆర్డరు ఆపి, తొట్టెను పండనివ్వండి. తర్వాత తొట్టెలో పుట్టిన క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి. తమిళనాడులోని మండపం అనే ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వారు వాటి సంతానోత్పత్తిని మన దేశంలోనే సాధించారు. కొనేముందు మీ కళ్లెదుట మేత తినిపించమనండి.

నీలగిరి అక్వేరియం:
సరే అన్నా, ఫోన్ చేసి ఆర్డరు వచ్చే నెలకు వాయిదా వేస్తాను. ఏ దేశం చేపలో కూడా అడుగుతాను. ధన్యవాదాలు, నిద్ర వస్తున్నది.

పాలమూరు సారు:
ఆ బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) ఎంతో ఇంకా చెప్పలేదు.